బాలిక, వయసు సుమారు పద్నాలుగు

విజయశ్రీకి ముప్పై రెండేళ్లని చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. నాలుగడుగుల ఎనిమిదంగుళాల మనిషి. గుండ్రటి ముఖం, సన్నటి చేతులు, నూనె రాసి బిగించి అల్లిన రెండు జడలు. మెడకు తగిలే గుడ్డ ఏదైనా ఆమె ఒంటికి సరిపడదు కాబట్టి చీర కట్టదు, చున్నీ వేసుకోదు. మెడ వెడల్పుగా కుట్టిన కాటన్ గౌనులాంటి పొడుగు చొక్కా, కింద పైజామా. హయత్‌నగర్ బస్టాపులో నిలబడితే బడికి పోయే పిల్లే అనుకునేవారు.

ఆమె తల్లి కిష్టమ్మకు ఈ మాట మీద ఇరవై ఏళ్లుగా ఊరంతటితో పోట్లాటే. కండక్టరు హాఫ్ టికెట్టు కొట్టబోతే, "పిల్ల గాదు సారూ, పెద్దది. ఫుల్లు టికెటియ్యి" అని దబాయించేది. దుకాణంలో ఎవరైనా బిడ్డ చేతిలో చాక్లెట్ పెడితే తీసి వాపసు ఇచ్చేది. "సూసేటందుకే గట్ల. ఈడు ముప్పై దాటింది. జర మర్యాదగ మాట్లాడుండ్రి." పెద్దదాన్ని పెద్దదిగా చూడకపోతే బిడ్డను ఎవడేం చేసినా పిల్లతో ఆట కింద కొట్టేస్తారని ఆమె భయం. మాట తక్కువ బిడ్డ. ప్రశ్న అడిగితే ఒక్కోసారి ఆ ప్రశ్ననే తిరిగి చెబుతుంది. కళ్లలోకి చూడదు. గట్టి చప్పుడుకు చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఇదేం జబ్బో కిష్టమ్మకు ఎవరూ చెప్పలేదు. రామన్నపేట దగ్గరి పల్లెలో ఐదో తరగతి దాకా చదివించి, ఇక వద్దని పంతులే పంపేశాడు. అప్పటికే విజయశ్రీ తెలుగూ అంకెలూ గడగడ చదివేది. ఆ సంగతి పంతులు ఎన్నడూ అడగలేదు.

తండ్రి సీతారాములు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీగా పనిచేస్తూ, బత్తాయి లోడు దించుతూ కూలబడి చనిపోయాడు. కిష్టమ్మ అదే మార్కెట్లో బత్తాయిలు ఏరే పనిలో చేరింది. మార్కెట్ నుంచి వచ్చేటప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో పట్టాభి బైండింగ్ షాపు దగ్గర ఆగేది. పట్టాభి భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. కోచింగ్ సెంటర్ల నోట్సులు జిరాక్సు తీసి బైండ్ చేయడం అతని వ్యాపారం. ఒకరోజు గాలికి కాగితాలన్నీ చెదిరి నేలంతా పరుచుకుంటే, తల్లి పక్కన నిలబడ్డ విజయశ్రీ కూర్చుని, ఎవరూ చెప్పకుండానే, నాలుగు వందల పేజీలూ వరసగా పేర్చి పెట్టింది. ఒక్క పేజీ తారుమారు కాలేదు.

"ఈ పాపని రోజూ పంపుతారా?" అన్నాడు పట్టాభి.

"పాప గాదయ్యా. ఇరవై అయిదేండ్లు."

"అలాగేనమ్మా, పొరపాటైంది. విజయశ్రీగారిని పంపండి."

ఆ 'గారు' విన్నాకే కిష్టమ్మ ఒప్పుకుంది. బస్సు ఎక్కడం, దిగడం నేర్పడానికి మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత ఏడేళ్లపాటు ఎనిమిది నలభై బస్సు ఒక్కటి కూడా విజయశ్రీ వదులుకోలేదు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. వారం తిరక్కుండానే బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బడులు మూతపడ్డాయి. కిష్టమ్మకు అది తన సమ్మే. హయత్‌నగర్ రోడ్డు మీద వంటావార్పు పెడితే పెద్ద గంజు కింద మంట ఎగదోసింది, బతుకమ్మ ఆడింది, గొంతు పోయేదాకా నినాదాలిచ్చింది. బిడ్డకు మాత్రం సమ్మె అర్థం కాలేదు. రోజూ ఎనిమిది నలభైకి స్టాపులో నిలబడేది. మధ్యాహ్నందాకా నిలబడి, రాని బస్సు కోసం ఏడ్చి, ఇంటికి వచ్చేది.

"బస్సులు బందువెట్టిన్రు బిడ్డా. మనకు తెలంగాణ అచ్చేదాక నడువయ్."

"నూట ఎనభై" అనేది విజయశ్రీ.

షాపు మూసిన రోజు ఆమె ఒక పుస్తకం నూట డెబ్బై తొమ్మిదో పేజీదాకా పేర్చింది. రేపు నూట ఎనభై నుంచి పెడుదువుగానీ అన్నాడు పట్టాభి. ఆ రేపు పదిరోజులైనా రాలేదు.

సెప్టెంబరు చివరివారంలో ఒక పొద్దున కిష్టమ్మ వంటావార్పుకు పోయిన వేళ విజయశ్రీ నడక మొదలుపెట్టింది. దారి ఆమెకు కంఠస్థం. ఒక స్టాపు తర్వాత ఇంకో స్టాపు. వనస్థలిపురం దాటింది, చింతలకుంట దాటింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఎల్‌బీ నగర్ చౌరస్తాకు చేరింది. అక్కడ నేల ఈనినట్టు జనం. నాలుగు వైపులా మైకులు, డప్పులు. అంతలో ఎక్కడో తోపులాట మొదలై పోలీసులు లాఠీలతో ఉరికారు. జనం చెల్లాచెదురయ్యారు. విజయశ్రీ డివైడరు పక్కన నేల మీద కూలబడి, రెండు చెవులూ మూసుకుని ఊగడం మొదలుపెట్టింది. చెప్పులు పోయాయి. నుదురు డివైడరుకు కొట్టుకుని నెత్తురు కారుతోంది.

ఆ గందరగోళంలో తప్పిపోయిన పిల్లల్ని చేరదీస్తున్న ఒక సంస్థ మనిషి ఆమెను చూసింది. ఇద్దరు పట్టుకుని జీపులో కూర్చోబెట్టారు. తాకితే కెవ్వుమని అరిచింది.

"భయపడకు పాపా. నీ పేరేంటి?"

"నీ పేరేంటి" అంది విజయశ్రీ.

"ఏ క్లాసు?"

"నూట ఎనభై."

"వయసెంతమ్మా?"

"ముప్పై రెండు."

ఆమె డ్రైవరు వైపు చూసి జాలిగా నవ్వింది. కాగితం మీద రాసుకుంది: పేరు తెలియదు. బాలిక. వయసు సుమారు పద్నాలుగు. మతిస్థిమితం సరిగా లేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చిన కిష్టమ్మ స్టాపుకు ఉరికింది. అక్కడ లేదు. ఆటోలు కూడా ఆరోజు బందే. నడుస్తూ, కనిపించినవాళ్లనల్లా అడుగుతూ దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయింది. పట్టాభి షాపు షట్టరు వేసి ఉంది. పై అంతస్తులోని ఇంటి నుంచి అతను దిగివచ్చి, "ఇక్కడికి రాలేదమ్మా. అయ్యో, ఈ గొడవల్లో ఒంటరిగా బయల్దేరిందా!" అని తనూ వెంట బయల్దేరాడు. ఇద్దరూ చీకటి పడేదాకా ప్రతి సందూ చూశారు.

మర్నాడు ఠాణాకు పోయింది కిష్టమ్మ. ఉన్న ఒక్క కానిస్టేబులు కాగితం తీశాడు.

"వయసు?"

"ముప్పై రెండేండ్లు సారూ."

"పెండ్లయిందా?"

"లేదు."

"ముప్పై రెండేండ్ల ఆడామె. తప్పిపోయిందంటవేందమ్మా? ఎవనితోనన్న పోయిందేమో సూస్కోరాదు?"

"గట్ల అనకు సారూ, నీ కాల్మొక్కుత. దానికి మాటలు సక్కగ రావు. దాని దునియా వేరే."

కొంగు ముడి విప్పి ఫోటో ఇచ్చింది. పదేళ్ల కిందట ఏదో ఫారం కోసం తీయించింది. రెండు జడలు, గుండ్రటి ముఖం. కానిస్టేబులు ఒకసారి చూసి బల్ల మీదకు తోశాడు.

"గిది చిన్నప్పటిది. ఇప్పటి ఫోటో తేపో."

"ఇప్పుడు గూడ గట్లనే ఉంటది సారూ!"

"ఏందమ్మా పరాచికాలాడుతున్నవా? ఇక్కడ మేమే పరేషాన్‌ల ఉన్నం."

అదే గోడ మీద, ఆమె వీపు వెనక, తప్పిపోయి దొరికిన పిల్లల జాబితా అంటించి ఉంది. కిష్టమ్మకు చదువు రాదు. కానిస్టేబులుకు వచ్చుగానీ, ముప్పై రెండేళ్ల మనిషి కోసం పిల్లల జాబితా ఎందుకు చూస్తాడు?

ఎనిమిది రోజులు గడిచాయి. కిష్టమ్మ ఉస్మానియా, గాంధీ దవాఖానలు నడిచి తిరిగింది. శవాల గది ముందు నిలబడి, తెల్లగుడ్డ ఎత్తిన ప్రతిసారీ కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచింది. అన్నం సయించలేదు. వంటావార్పు దగ్గర ఈరమ్మ అనే ముసలామె ఒక ముద్ద నోట్లో పెట్టబోతే మింగలేక కక్కుకుంది. ఈరమ్మ వీపు నిమురుతూ అడిగింది. "ఎట్లుంటదే నీ బిడ్డ? గుర్తులు చెప్పు."

కిష్టమ్మ చెప్పింది. ఎత్తు, జడలు, పైజామా.

"మరి చిన్నపోరి లెక్కనే ఉన్నదిగదనే. పోరగాండ్లను పెట్టే హాస్టలుంటయట. దొరికినోళ్లను ఆడ వేస్తరట. ఆడ అడిగినవా?"

కిష్టమ్మ లేచి నిలబడింది. ఆ మాట తనకెందుకు తట్టలేదు? ఇరవై ఏళ్లుగా పిల్ల కాదు పిల్ల కాదని అరిచి అరిచి, లోకం తన బిడ్డను ఎట్లా చూస్తుందో తనే మరిచిపోయింది.

ఈసారి ఠాణాలో వేరే కానిస్టేబులు ఉన్నాడు. కిష్టమ్మ జీవితంలో మొదటిసారి ఆ అబద్ధం చెప్పింది.

"నా బిడ్డకు పద్నాలుగేండ్లు సారూ."

అతను లేచి గోడ మీది జాబితా చూశాడు. రెండు నిమిషాల్లో ఆశ్రమం చిరునామా రాసిచ్చాడు.

నగరం అవతలి కొసనున్న ఆ బాలికల ఆశ్రమానికి పట్టాభి తన స్కూటరు మీద ఆమెను తీసుకుపోయాడు. వార్డెన్ పేరు అండాలమ్మ. యాభై ఏళ్ల మనిషి, కళ్లజోడు. ఒక పిల్లను తెచ్చి వరండాలో నిలబెట్టింది. జడల్లేవు. పేలున్నాయని జుట్టు మొదలంటా కత్తిరించారు. తల ముట్టుకోనివ్వకపోతే నలుగురు పట్టుకుని కత్తిరించారట. చెంప మీద గీరుకుపోయిన గాట్లు. ఎవరిదో స్కూలు యూనిఫారం, నీలం గౌను.

"శ్రీ! బిడ్డా!"

విజయశ్రీ ఆమెను చూడలేదు. గోడ వైపు తిరిగి పెదవులతో అంకెలు లెక్కపెట్టుకుంటోంది. కిష్టమ్మ వెళ్లి పట్టుకుంటే తోసేసి మూలకు పోయి కూర్చుంది.

అండాలమ్మ ముఖం మారిపోయింది. "తల్లిని చూస్తే పిల్ల ఎదురురావాలి గదమ్మా. నువ్వెవరు నిజంగా?"

ఫోటో ఠాణా బల్ల మీదే ఉండిపోయింది. కిష్టమ్మ రేషన్ కార్డు తీసి చూపించింది. అండాలమ్మ కళ్లజోడు సర్దుకుని చదివింది. "ఇందులో నీ కూతురికి ముప్పై రెండేళ్లున్నాయి. పోలీసులకు పద్నాలుగని చెప్పావు. ఇక్కడున్నది పద్నాలుగేళ్ల పిల్ల. అంటే ఇది నీ కూతురు కాదు."

"అది ముప్పై రెండేండ్లదేనమ్మా! పద్నాలుగన్నది అబద్ధం. గట్ల చెప్తెనే మీ జాగ చెప్పిన్రు!"

"ఒకసారి అబద్ధమాడిన మనిషి మాట ఎట్లా నమ్మాలి? పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు రోజూ వస్తున్నారు ఇట్లాగే ఏడ్చుకుంటూ."

పట్టాభి ముందుకొచ్చాడు. "అమ్మా, ఈమె ఏడేళ్లుగా మా షాపులో పనిచేస్తోందండీ. నేను సాక్ష్యం."

"ఏడేళ్లుగానా? అంటే ఏడేళ్ల పిల్లప్పటి నుంచి పనిలో పెట్టుకున్నారా? మీ పేరు, అడ్రసు రాయండి."

ఆ రోజుల్లో కోస్తా మనిషిగా ఉన్న భయాలే పట్టాభికి చాలు. పేరు రాసి, చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చేశాడు.

వయసు తేల్చాలంటే బాలల సంక్షేమ కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోదు, సమ్మె. సర్కారు దవాఖానలో ఎముకల ఎక్స్‌రే తీసి రాసివ్వాలి. రాసివ్వాల్సిన వాళ్లు సమ్మెలో ఉన్నారు. ఊరి బడి నుంచి పుట్టిన తేదీ కాగితం తేవాలి. కిష్టమ్మ లారీ పట్టుకుని ఊరికి పోయి చూస్తే బడికి తాళం. పంతుళ్లందరూ ధర్నాలో కూర్చుని ఉన్నారు. ఒక పంతులు ఆమెను గుర్తుపట్టాడు. "సమ్మె అయినంక రా కిష్టమ్మా. ఇప్పుడు రిజిస్టరు తీస్తే నన్ను ద్రోహి అంటరు" అన్నాడు. ఆమె అతన్ని తిట్టలేకపోయింది. రెండు వారాల కిందట రోడ్డు మీద కూర్చుని, ఒక్క ఆఫీసు కూడా తెరవొద్దని అరిచింది తనే.

ఆశ్రమం గేటు ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. పొద్దున ఏ లారీయో ఎక్కి వచ్చేది, సాయంత్రం పోయేది. లోపలి నుంచి ఒక్కో పూట బిడ్డ కేక వినిపించేది. గంట కొట్టినప్పుడల్లా ఆ కేక వస్తుంది. కిష్టమ్మ గేటు ఊచలు పట్టుకుని, "గంట గొట్టకుండ్రమ్మా! ఆ సప్పుడుకు అది సస్తది!" అని వేడుకునేది. లోపల పిల్లలు ఆమెను చూసి నవ్వేవారు. దసరా అక్కడే గడిచింది. విజయశ్రీ తిండి మానేసిందని, రెండు పూటలు గ్లూకోజు ఎక్కించారని పాకీపని చేసే మనిషి చెప్పింది. ఆ మాట విన్నరోజు కిష్టమ్మ ఇంటికి పోలేదు. గోడకు తల కొట్టుకుంది. తెలంగాణ వద్దు, ఏమీ వద్దు, నా బిడ్డనియ్యుండ్రి అని దారిన పోయే జెండాల ఊరేగింపుకు అడ్డంపడింది. వాళ్లు ఆమెను మెల్లగా పక్కకు జరిపి ముందుకు పోయారు.

అప్పుడు పట్టాభి మళ్లీ వచ్చాడు. "భయమేసి రాలేదమ్మా. నిద్రపట్టడం లేదు" అన్నాడు. చేతిలో ఒక మూట. గేటు దగ్గర అండాలమ్మను బతిమాలాడు. "నన్ను పోలీసులకు పట్టించండి, పర్వాలేదు. ఒక్క ఐదు నిమిషాలు ఇవి ఆ అమ్మాయి ముందు పెట్టండి చాలు."

మూటలో విడి కాగితాలు. రెండు వందల యాభై పేజీలు, కలగాపులగంగా. అండాలమ్మ ఏమనుకుందో, తీసుకుపోయి వరండాలో పెట్టింది. విజయశ్రీ చాలాసేపు చూడలేదు. తర్వాత ఒక కాగితం లాగింది. ఇంకోటి. పది నిమిషాలకు రెండు చేతులూ వేగంగా ఆడుతున్నాయి. అన్నీ వరసలోకి వచ్చాక కట్ట అంచులు నేలకు తట్టి సరిచేసి, "పట్టాభి గారు, అయింది" అంది. పందొమ్మిది రోజుల్లో ఆమె నోటి నుంచి అండాలమ్మ విన్న మొదటి మాట అది.

అండాలమ్మ గేటు తెరిచి కిష్టమ్మను లోపలికి పిలిచింది. "నాకు ఇచ్చి పంపే అధికారం లేదు తల్లీ. రోజూ వచ్చి అన్నం తినిపించు. ఎవరన్నా అడిగితే నేను చూసుకుంటా." ఆ రోజు నుంచి గంట కొట్టడం కూడా మాన్పించింది.

అక్టోబరు ఆఖరున సమ్మె విరమించారు. కిష్టమ్మ వాడకట్టులో ఆ రోజు చాలామంది ఏడ్చారు. తెలంగాణ రాలేదని, మోసమైందని. కిష్టమ్మ కూడా ఏడ్చిందిగానీ, ఎందుకు ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. ఇంకో పన్నెండు రోజులకు ఎక్స్‌రే తీశారు. డాక్టరు రాసిచ్చింది ఒక్క వాక్యం: ఎముకల ఎదుగుదలను బట్టి వయసు ఇరవై ఐదు దాటినట్టు నిర్ధారణ. కమిటీలోని పెద్దమనిషి ఆ కాగితం చదివి, విజయశ్రీ వైపు చూసి, మళ్లీ చదివాడు. "మేజర్‌ను ఇక్కడ ఉంచడం చట్టవిరుద్ధం. ఇవాళే తీసుకుపోవాలి" అన్నాడు. నలభై రోజులకు పైగా ఉంచినందుకు ఎవరూ ఒక్క మాటైనా అనలేదు.

ఇంటికి వచ్చిన విజయశ్రీ వెనకటి మనిషి కాదు. బస్సు పేరెత్తితే బట్టలు తడుపుకునేది. గడప దాటేది కాదు. మరుసటి ఏడు వానాకాలంలో సర్కారు దవాఖానలో ఒక డాక్టరమ్మ రెండు గంటలు కూర్చుని, పుట్టినప్పటి నుంచి అన్నీ అడిగి, కాగితం మీద ఒక పేరు రాసింది. ఆటిజం. ముప్పై మూడేళ్లకు ఆ పేరు తెలిసింది.

"మందుందా అమ్మా?"

"మందు లేదు. నేర్పించేవాళ్లు ఉంటారు. పలకడం, భయం తగ్గడం, బయట తిరగడం."

అలా నేర్పే కేంద్రం వనస్థలిపురంలో ఉందని తెలిసి, తలకు దుప్పటి కప్పి బిడ్డను ఆటోలో తీసుకుపోయింది. అది నడిపే ఇంద్రాణి విజయవాడ మనిషి. మెత్తని మాట. విజయశ్రీతో కాసేపు నేల మీద కూర్చుంది. విజయశ్రీ ఆమె పక్కనే, అరవకుండా, అరగంట కూర్చుంది. చేర్చుకునే ఫారం తీసి వయసు దగ్గర ఆగింది ఇంద్రాణి.

"ముప్పై మూడా? అయ్యో. మాది పిల్లలకేనండీ, పద్దెనిమిది లోపు. పెద్దవాళ్లకు ఈ ఊళ్లో ఎక్కడా లేదు, నాకు తెలిసి."

ఇంద్రాణి గొంతు తగ్గించింది. "ఒక పని చేద్దామా? చూస్తే పద్నాలుగే అనుకుంటారు. అలాగే రాసేస్తాను. ఎవరూ అడగరు. నాలుగేళ్లు హాయిగా నేర్చుకుంటుంది."

కిష్టమ్మ ఫారం దగ్గరికి జరిగింది. నాలుగేళ్లు. బిడ్డ గడప దాటుతుంది, తను పోయాక కనీసం ఆకలని చెప్పగలుగుతుంది. చేయి చాచింది, వేలిముద్ర వేయడానికి. సిరాదిండు మీద బొటనవేలు ఆనింది కూడా.

"వద్దమ్మా" అని చేయి వెనక్కు తీసుకుంది. "ఒక్కపారి దాన్ని పద్నాలుగేండ్లదని రాసిన్రు. నలభై దినాలు నాకు దక్కలే. మల్ల రాస్తె మల్ల ఎవరన్న తీస్కపోతరు. అది ముప్పై మూడేండ్ల మనిషి. గట్లనే ఉండనియ్యి."

ఇంద్రాణి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పోనీ మీరు రండి. మీరు నేర్చుకుని ఆమెకు నేర్పండి. దానికి ఫారం అక్కర్లేదు."

యాభై ఎనిమిదేళ్ల కిష్టమ్మ, బత్తాయిలు ఏరే పని ముగిశాక, వారానికి మూడు మధ్యాహ్నాలు ఆ కేంద్రంలో చిన్నపిల్లల వెనక గోడకానుకుని కూర్చునేది. బొమ్మల కార్డులు ఎట్లా చూపించాలో, చప్పుడును కొంచెం కొంచెంగా ఎట్లా అలవాటు చేయాలో చూసి గుర్తుపెట్టుకునేది. ఇంట్లో అవే చేసేది. ఏడాది పట్టింది విజయశ్రీ గడప దాటడానికి. ఇంకో ఏడాదికి వీధి చివరిదాకా వచ్చింది. హైవే దాకా ఎన్నడూ రాలేదు. పట్టాభి ఆదివారం ఆదివారం స్కూటరు మీద కాగితాల కట్టలు తెచ్చి ఇచ్చి, పేర్చినవి పట్టుకుపోయేవాడు.

రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా టపాసులు. కిష్టమ్మ తలుపులు, కిటికీ మూసి, సందుల్లో పాతచీరలు కుక్కి, బిడ్డ చెవుల మీద తన రెండు అరచేతులూ పెట్టి కూర్చుంది. గెలిచినందుకు ఆమెకు సంతోషమే. బయట ఈరమ్మ పిలుస్తోంది, రంగు చల్లుకుందాం రమ్మని. పోలేకపోయింది. చేతులు తీస్తే బిడ్డ అరుస్తుంది. తీయకపోతే చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. కొన్నాళ్లుగా కిష్టమ్మకు ఎడమచేయి పట్టు తప్పుతోంది. డాక్టరుకు చూపించుకోలేదు. ఏమంటాడోనని భయం.

"శ్రీ, నేను లేకుంటె ఎట్ల బిడ్డా?" అని అడిగింది, టపాసులు కాస్త ఆగినప్పుడు.

"లేకుంటె ఎట్ల బిడ్డా" అంది విజయశ్రీ, గోడ వైపు చూస్తూ.